మంచం నడుమ పల్లం

ఒక ఊళ్ళో నులక మంచాలు బిగించే మనిషి ఉండేవాడు. ఊరందరి మంచాలూ బిగువుగా ఉండేవి. అతని మంచం ఒక్కటే వదులు.

ఇందులో వింతేమీ లేదు. పొద్దుటినుంచీ ఊళ్ళోవాళ్ళ మంచాలకి తాళ్ళు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కిన మనిషికి, ఇంటికొచ్చి సొంత మంచం బిగించుకునే ఓపిక ఎక్కడుంటుంది? "రేపు" అనేవాడు. పెళ్ళైన కొత్తలో అన్న రేపు అది. దానికి ఆరేళ్ళు నిండాయి.

ఆ ఆరేళ్ళలో మంచం నడుమ బాగా దిగిపోయింది. పిల్లి ఎక్కి పడుకుంటే చెవులు మాత్రం కనిపించేవి.

సాయంత్రం పూట మొగుడూ పెళ్ళాం ఆ మంచాన్ని వాకిట్లో వేసుకుని, పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని, చెరో కొసనా కూర్చునేవారు. నాలుగు ముద్దలు తినేసరికి జారి జారి ఇద్దరూ మధ్యకి వచ్చేసేవారు. నీరు పల్లమెరుగు అంటారు. మనుషులు మాత్రం ఎరగరా? ఆమె పళ్ళెంలో పచ్చడి అతనికీ, అతని పళ్ళెంలో ఉల్లిపాయ ఆమెకీ అందుబాటులోకి వచ్చేవి. ఎవరిది ఎవరు తింటున్నారో చూసుకునేవారు కారు.

పోట్లాటలు రాకపోలేదు. రాకపోతే అదేం కాపురం?

"ఇవాళ నీ మొహం చూడను" అని ఆమె ఆ పక్క పట్టె కర్ర గట్టిగా పట్టుకుని కూర్చునేది.

"చూడమని ఎవరు బతిమాలారు?" అని అతను ఈ పక్క పట్టె పట్టుకునేవాడు.

ఎంతసేపని పట్టుకుంటారు? చేతులు లాగేవి. ఎవరో ఒకరు ముందు వదిలేవారు. వదిలినవాళ్ళు జారి రెండోవాళ్ళ మీద పడేవారు.

"మీద పడతావేం?"

"నేను పడలేదు, మంచం పడేసింది."

"నేరం మంచం మీదికి తొయ్యకు మావా."

"అయితే లేచిపో."

"లేవడానికి పట్టు దొరకొద్దూ!"

లేవబోయి పడటం, పడి లేవబోవడం. అందులో నవ్వొచ్చేది. నవ్వొచ్చాక అలక కూర్చోడానికి చోటెక్కడిది? మర్నాటికి ఎందుకు పోట్లాడుకున్నారో కూడా గుర్తుండేది కాదు. ఇదంతా తమ మంచితనమేననుకునేవారు ఇద్దరూ. మంచం సంగతి ఒక్కనాడూ తట్టలేదు.

ఆ ఊరికో పెద్ద ఉండేవాడు. ఊళ్ళోకల్లా వెడల్పాటి మంచం ఆయనది. ఆ అంచున ఆయన, ఈ అంచున ఆయన భార్య పడుకుంటే, మధ్యలో పెళ్ళివారికి విడిది ఇవ్వొచ్చు. ఏటేటా ఆ మంచం బిగింపించేవాడు. బిగించాక రొండిన దోపుకున్న నిమ్మకాయ తీసి పట్టె పక్కన పెట్టేవాడు. నిమ్మకాయ పెట్టినచోటే ఉండాలి. నువ్వుగింజంత కదిలినా, "మళ్ళీ లాగరా" అనేవాడు.

ఆ ఏడు బిగింపుకి పిలవడానికి ఊరి పెద్ద తనే మంచాలవాడి వాకిట్లోకి వచ్చాడు. మంచం చూశాడు. రొండిన ఉన్న నిమ్మకాయ తీసి దాని అంచున పెట్టాడు. అది గుడుగుడుమని నడుమకి దొర్లి, పిల్లి పొట్ట కింద దూరింది.

"ఏరా, ఊరికి మంచాలు బిగించేవాడివి! ఇదేమిట్రా, మంచమా చేపల తొట్టా?"

వీధిలో పోయేవాళ్ళు ఆగి నవ్వారు. "వానాకాలం నీళ్ళు పట్టుకోవచ్చులెండి" అన్నాడొకడు. "పోయేటప్పుడు ఆ నిమ్మకాయ తీసుకోండయ్యా, మళ్ళీ తాడేసి తియ్యాల్సొస్తుంది" అన్నాడు ఇంకొకడు. ఊరి పెద్ద "అది నువ్వే ఉంచుకో" అని వెళ్ళిపోయాడు.

మంచాలవాడి చెవులు ఎర్రబడ్డాయి. లోపలికెళ్ళి పెళ్ళాంతో అన్నాడు:

"ఇవాళ మన మంచం బిగిస్తున్నా."

"ఇన్నాళ్ళకి ఇప్పుడు దానికేం వచ్చింది?"

"రావడం కాదు, పోయింది. నా పరువు."

"పరువు మంచంలో పెట్టుకుంటారా ఎవరైనా?"

"మంచాలవాడు ఇంకెక్కడ పెట్టుకుంటాడే!"

కొత్త నులక తీశాడు. పాతదంతా ఊడదీసి, పట్టెకి కాలు తన్నిపెట్టి, పళ్ళు బిగబట్టి లాగాడు. తన చేతిలో ఉన్న పనితనమంతా చూపించాడు. పొద్దు వాలేసరికి మంచం పలకలా తేలింది. వేలితో మీటితే టింగుమంది. నిమ్మకాయని తన వైపు అంచున పెట్టాడు. కదల్లేదు. వీధిలో పోయేవాళ్ళందర్నీ పిలిచి చూపించాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ చెరో కొసనా కూర్చున్నారు. నాలుగు ముద్దలు తిన్నారు. ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. పచ్చడి కావలసివచ్చి అతను చెయ్యి చాచాడు. అందలేదు. అడిగితే ఇచ్చేదే. ఆరేళ్ళలో ఎన్నడూ అడిగి ఎరగడు కాబట్టి, ఊరుకున్నాడు.

నాలుగో రోజున ఆమె గుమ్మడి వడియాలు పెట్టింది. బల్లపరుపుగా ఉంది కదాని ఆ మంచం మీదే గుడ్డ పరిచి ఎండబెట్టింది. మధ్యాహ్నం అతను ఇంటికొచ్చి చూసి లబోదిబోమన్నాడు.

"కొత్త నులక! తడి తగిలితే మరకలు పడవూ?" అంటూ గుడ్డ నాలుగు చెంగులూ పట్టి ఎత్తి గోడవార పెట్టాడు. పక్కింటి మేక అలాంటి అదను కోసమే చూస్తోంది. ఆమె నూతి దగ్గర్నుంచి వచ్చేసరికి గుడ్డ మీద గుమ్మడి వాసన తప్ప ఏమీ మిగల్లేదు.

"రెండు గుమ్మడికాయల వడియాలు!" అంది ఆమె. "నీకు నేను ముఖ్యమా, మంచం ముఖ్యమా?"

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. మొగాళ్ళు చెయ్యకూడని పని అదే. జవాబు ఏదైనా సరే, ఆలోచించకూడదు.

"అర్థమైందిలే" అంది ఆమె.

ఆ సాయంత్రం ఆమె ఆ పట్టె పట్టుకుని కూర్చుంది. అతను ఈ పట్టె పట్టుకున్నాడు. కాసేపటికి చేతులు లాగి ఇద్దరూ వదిలేశారు. ఎవరూ ఎవరి మీదా పడలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మొదటిసారి ఆ ఇంట్లో ఒక అలక తెల్లారి నిద్రలేచింది, మొహం కడుక్కుంది, కాపురం పెట్టింది.

మాటలన్నీ పిల్లి ద్వారా నడిచేవి.

"అన్నం చల్లారిపోతోందని చెప్పవే పిల్లీ."

"ఆకలి లేదని చెప్పవే పిల్లీ."

పిల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆ అన్నం తనే తినేది. ఆ వారంలో బాగుపడింది అదొక్కటే.

అతను చామంతులు తెచ్చి మంచం మధ్యలో పెట్టాడు. ఆమె తియ్యలేదు. ఆమె ఉడకేసిన వేరుసెనక్కాయలు గిన్నెలో పోసి మంచం మధ్యలో పెట్టింది. అతను ముట్టలేదు. చెయ్యి చాస్తే సరిపోయేది. కానీ చెయ్యి చాచడమంటే ఓడిపోవడమని ఇద్దరికీ ఎవరు చెప్పారో ఏమో! పూలు వాడిపోయాయి. కాయలు పాచిపోయాయి. దిష్టి తగిలిందేమోనని అతను మంచానికి ఉప్పూ మిరపకాయలూ తీశాడు. మిరపకాయలు ఘాటెత్తి ఇద్దరూ దగ్గారు. అదీ విడివిడిగానే.

తొమ్మిదో రోజున ఆమె పిల్లిని ఒళ్ళో పెట్టుకుని చెప్పింది:

"రేపు సంత. మా అన్న బండి వస్తుంది. నేను మా పుట్టింటికి పోతున్నా. నాతో వస్తావా, ఇక్కడే మంచం కాపలా కాస్తావా?"

అతని గుండె జారిపోయింది. మంచం మాత్రం జారనివ్వలేదు. ఎక్కడ కూర్చున్నాడో అక్కడే కూర్చోబెట్టి ఉంచింది.

సంత రోజు మధ్యాహ్నం ఆమె నూతికి వెళ్ళింది. గుమ్మంలో మూట కట్టి ఉంది. అతను ఆ మూట చూడలేక మంచం వైపు తిరిగాడు. అంచున నిమ్మకాయ ఉంది. పది రోజులుగా పెట్టినచోటే ఉంది. ఎండి, ముడతలుపడి, పౌరుషంగా, ఒంటరిగా ఉంది. దాన్ని చూస్తుంటే అతనికి ఎవరో తెలిసిన మనిషిని చూస్తున్నట్టనిపించింది. ఆ మనిషి ఎవరో తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

గబగబా మంచం కాళ్ళవైపు కూర్చుని బిగింపు తాడు విప్పాడు. రెండు వేళ్ళ వదులు ఇచ్చాడు. సరిగ్గా రెండే వేళ్ళు. పనివాడు కదా, చెడగొట్టడం కూడా కొలత ప్రకారమే. తన ముడి తనే వేసి, ఏమీ ఎరగనట్టు ఊళ్ళోకి పోయాడు.

పొద్దు వాలే వేళకి తిరిగొచ్చాడు. ఆమె వాకిట్లో నిలబడి బండి కోసం చూస్తోంది. అతన్ని చూడగానే వెళ్ళి మంచం ఆ కొసన కూర్చుంది. ఎందుకో ఆమె చూపులన్నీ కాళ్ళవైపు తాడు మీదే ఉన్నాయి. అతను దగ్గి, గొంతు సవరించుకుని, ఈ కొసన కూర్చున్నాడు.

సర్రుమని చప్పుడైంది. మంచం నడుమ నేలకి దిగిపోయింది. నిమ్మకాయ ఎగిరిపడింది. పిల్లి కేకపెట్టి గోడెక్కింది. మొగుడూ పెళ్ళాం ఒకరి మీద ఒకరు పడి, నాలుగు కాళ్ళూ ఆకాశం వైపు పెట్టి ఉండిపోయారు.

"మీద పడతావేం?" అంది ఆమె. అలిగాక పిల్లితో కాకుండా అన్న మొదటి మాట అది.

"నేను పడలేదు... మంచం..."

"ఎలుక కొరికిందేమో తాడు" అంది ఆమె తొందరగా, మొహం అటు తిప్పుకుని.

"ఎలుకే అయుంటుంది" అన్నాడు అతను ఇంకా తొందరగా.

సరిగ్గా అప్పుడే గంటలు మోగించుకుంటూ బండి వచ్చి ఆగింది. బుర్ర మీసాల అన్నగారు దిగి, ఆ కాళ్ళని చూసి ఆగిపోయాడు.

"ఏం బావా, మంచం ఎక్కారా, దిగారా?"

"ముందు చెయ్యి అందించు బావా!"

"చెల్లీ, మూట సిద్ధమేనా? పొద్దు పోతోంది."

"మూట సిద్ధమే అన్నయ్యా. నేనే లేవలేకపోతున్నా."

అన్నగారు చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోబోయి, వెనక్కి తీసుకుంది.

"ముందు ఆయన్ని లేపు. నా కొంగు ఆయన కింద ఉంది."

"ముందు ఆవిణ్ణి లేపు బావా" అన్నాడు మంచాలవాడు. "నా కాలు ఆవిడ కింద ఉంది."

అన్నగారు ఇద్దర్నీ చూశాడు. చెల్లెలి భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని కంగారుపడి వంగి చూశాడు. నవ్వు ఆపుకోలేక ఊగుతోంది.

"మీరు తేల్చుకోండి" అని మూట మీద కూలబడ్డాడు. అది కరకరమంది. "ఇందులో ఏముందే?"

"అయ్యో, వడియాలన్నయ్యా! నీ కోసమే మళ్ళీ పెట్టాను."

ఆ సాయంత్రం ఆ విరిగిన వడియాలు వేగాయి. నేలకి దిగిన ఆ మంచంలోనే ముగ్గురూ తిన్నారు. అన్నగారు మీసాలు తుడుచుకుని, ఖాళీ బండి తోలుకుని పోయాడు.

మర్నాడు మంచాలవాడు తాడు చూశాడు. ఎక్కడా కొరికిన గుర్తు లేదు. తను వేసిన ముడీ లేదు. రెండు వేళ్ళ వదులు కాస్తా రెండు మూరలైంది. కొసన ఒక కొత్త ముడి ఉంది. తోటకూర కట్టలకి ఆమె రోజూ వేసే ముడి అది. చూడటానికి గట్టిగా ఉంటుంది. బరువు పడ్డకొద్దీ జారుతుంది.

"ఏం మావా, బిగిస్తావా?" అంది ఆమె గుమ్మంలోంచి, కొంచెం భయంగా.

"రేపు" అన్నాడు.

"రేపేలే. తొందరేముంది!" అంది.

ఆ తర్వాత అతని పనితనంలో ఒక లోపం వచ్చిందని ఊళ్ళో చెప్పుకోసాగారు. బిగించిన రోజు మంచం భేషుగ్గా ఉండేది. నిమ్మకాయ పెడితే కదిలేది కాదు. పది రోజులు తిరిగేసరికి నడుమ పల్లం పడేది. జనం తిట్టడానికి వచ్చేవారు. తిట్టడానికి మాత్రం ఎవరూ ఒంటరిగా రాలేదు.

ఊరి పెద్ద కూడా వచ్చాడు. పక్కన ఆయన భార్య ఉంది. ఆ ఇద్దరూ కలిసి వీధిలోకి రావడం చూసి ఎన్నేళ్ళైందో ఎవరికీ గుర్తులేదు. అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడి చూశారు.

"ఏం పనిరా ఇది!" అన్నాడు ఊరి పెద్ద. "నిమ్మకాయ నిలవడం లేదు. మేమే నిలవడం లేదు. తెల్లారేసరికి ఈవిడ మోచెయ్యి నా డొక్కలో ఉంటోంది."

"మీ గురక నా చెవిలో ఉంటోంది, అది చెప్పరే!" అంది ఆవిడ.

"తప్పేనండయ్యా" అన్నాడు మంచాలవాడు చేతులు కట్టుకుని. "తాడు పట్టుకుని ఇప్పుడే వస్తాను. గంటలో బిగించేస్తా."

ఊరి పెద్ద భార్య వైపు చూశాడు. ఆవిడ తన గాజుల వైపు చూసుకుంది.

"ఇవాళొద్దులే" అన్నాడు ఊరి పెద్ద. "రేపు చూద్దాం."

ఇద్దరూ వెనక్కి తిరిగి నడిచారు. ఆ వీధి చాలా వెడల్పు. రెండు బళ్ళు ఒకదాన్నొకటి రాసుకోకుండా పోవచ్చు. అయినా ఆ ఇద్దరి భుజాలూ ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి, దారి నడుమ ఎక్కడో పల్లం పడ్డట్టు.