ఐరావతమ్మ అల్లిన మేజోళ్ళు

అనగనగా ఒక కొండ అడవి. చలికాలం వచ్చిందంటే అక్కడ రాళ్ళకు కూడా జలుబు చేసేది. నవ్వకండి, మీరేమైనా చూశారా?

ఆ అడవిలో ఐరావతమ్మ అనే ఏనుగు ఉండేది. ఆమె కూతురి పేరు ఈక. ఏనుగు పిల్లకు ఈక అని పేరేంటని నన్నడక్కండి, వాళ్ళమ్మనే అడగండి.

ఆ ఏడు చలికి ఈక గజగజ వణికిపోయింది. వాగులో నీళ్ళు తాగడం కూడా మానేసింది. రోజురోజుకూ నీరసించిపోతోంది. తల్లి ప్రాణం విలవిల్లాడింది.

"అయ్యో, నా బంగారానికి కాళ్ళు చల్లబడ్డాయి! మేజోళ్ళు అల్లేస్తాను" అంది ఐరావతమ్మ.

"అమ్మా, అదీ..." అంది ఈక.

"నువ్వుండు! ఇది పెద్దవాళ్ళ పని."

ముళ్ళపంది శూలయ్య తన ముళ్ళు రెండు పీకి తెచ్చాడు. "అల్లికకు ఇంతకంటే మంచి సూదులు దొరకవు తల్లీ" అన్నాడు.

"ఏనుగు పిల్లకి ఆ పుల్లలతోనా? మా పరువేం కావాలి?" అని ఐరావతమ్మ రెండు టేకు చెట్లు పెకలించింది. తళతళలాడుతుందని సాలీడు దారం తెచ్చి, ఆ చెట్లే సూదులుగా అల్లింది. తీరా చూస్తే మేజోడంతా చిల్లే! ఒక అడవిపంది అందులోంచి నడిచి వెళ్ళిపోయింది. మేజోడులోంచి వెళ్ళానని దానికి తెలియనే లేదు.

"అమ్మా, నాకు..." అంది ఈక.

"నువ్వాగవే!"

ఈసారి వెదురు బొంగులు, అరటినార. అల్లిక కుదిరింది. నాలుగు కాళ్ళకూ తొడిగి పడుకోబెట్టింది. తెల్లారేసరికి మేజోళ్ళు లేవు. ఈక తినేసింది.

ఇక చేసేది లేక ఐరావతమ్మ ముసలి గొర్రె బొంతవ్వ దగ్గరికి పరుగెత్తింది. వెనకే ఈక, ఈక వెనక శూలయ్య.

"అవ్వా, మందపాటి ఉన్ని ఇవ్వు. నాలుగు కాళ్ళకీ సరిపోవాలి."

"అమ్మా..." అంది ఈక.

"నువ్వు..." అని ఐరావతమ్మ మొదలుపెట్టేలోపే బొంతవ్వ అడ్డుపడింది. "ఉండవమ్మా, పిల్లనేదో చెప్పనీ. నా వీపు మీది ఉన్ని గరుకు, పొట్ట కింది ఉన్ని మెత్తన. ఏది పనికొస్తుందో తెలియాలిగా. నీకు చలి ఎక్కడ పుడుతోందే తల్లీ?"

"తొండానికి అవ్వా! నీళ్ళలో పెడితే జివ్వుమంటోంది. అమ్మకి చెబుతూనే ఉన్నా."

ఐరావతమ్మ చెవులు రెండూ సిగ్గుతో వాలిపోయాయి.

"అయితే మెత్తటి ఉన్నే" అంది బొంతవ్వ. "గరుకుదైతే పిల్ల తుమ్ముతుంది. అది తుమ్మితే మనం పక్క అడవిలో తేలతాం."

శూలయ్య మళ్ళీ రెండు ముళ్ళు పీకి ఇచ్చాడు. ఐరావతమ్మ ఈసారి కిక్కురుమనకుండా తీసుకుని, ఒక్కటంటే ఒక్క మేజోడు అల్లింది. నీళ్ళు తాగాలి కదా, అందుకని చివర మూయలేదు.

ఈక అది తొండానికి తొడుక్కుని కడుపునిండా నీళ్ళు తాగింది.

"ఇంకా ఏమైనా కావాలా తల్లీ?" అని ఐరావతమ్మ అడిగి, కూతురి జవాబు కోసం నోరు మూసుకుని నిలబడింది.

ఈక బాగా ఆలోచించి చెప్పింది. "ఆ అరటినార మేజోళ్ళు ఇంకో నాలుగు అల్లవూ? భలే రుచిగా ఉన్నాయి."

నీతి: సూదులూ దారమూ ఎంచుకునే ముందు, తొడుక్కునేవాళ్ళ మాట వినాలి.