గున్నమ్మ పట్టిన తాడు

"పైన తాడు పచ్చన, కింద తాడు ఎర్రన,
చిట్టి చెల్లి జడలోన... ఏవో పూలు, ఏవో పూలు,
అడుగు మార్చి తిరగవే..."

ఆ పూలేవో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదర్రా. చిన్నప్పుడు జడ కోలాటం ఆడుతూ పాడుకున్న పాట ఇది. జడ కోలాటమంటే తెలుసుగా? ఎత్తుగా కట్టిన తాళ్ళు కిందికి వేలాడతాయి. తలా ఒక తాడు పట్టుకోవాలి. ఎదురొచ్చినవాళ్ళని ఒకసారి లోపలినుంచి, ఒకసారి బయటినుంచి దాటుతూ ఆడాలి. ఆడుతుంటే పైన తాళ్ళు జడలా అల్లుకుంటాయి. మళ్ళీ వెనక్కి ఆడితే ఆ జడే విడిపోతుంది! నాకిప్పటికీ అది వింతే. సరే, కథ వినండి.

అనగనగా ఒక టేకు అడవి. అక్కడ తొలకరి వాన పడ్డ మర్నాడు జంతువులన్నీ పండగ చేసుకుని జడ కోలాటం ఆడేవి. కొంగ తాత తాళాలు వాయిస్తూ నేర్పేవాడు. ఆ ఏడు నక్క పిల్ల పెళ్ళి చేసుకుని పక్క అడవికి వెళ్ళిపోయింది. ఒక తాడు ఖాళీ. జత కలవకపోతే జడ పడదు కదా!

గున్నమ్మ అని ఒక ఎలుగుబంటి పిల్ల ఉండేది. ఏటా పొద చాటున కూర్చుని చూసేది. కూర్చున్న చోటే కాళ్ళాడించేది. ఈసారి ధైర్యం చేసి ముందుకొచ్చింది.

"తాతా, ఆ తాడు నేను పట్టుకోనా?"

కోతి బావ కిచకిచ నవ్వాడు. "నువ్వా మరదలా? నువ్వు ఎగిరితే చెట్లు కూడా ఎగురుతాయి!"

"నువ్వూరుకోరా," అన్నాడు కొంగ తాత. "వానకి ఇంకా టైముంది. నేర్చుకో గున్నమ్మా. పండగనాడు జడ బాగా పడితే ఆ తాడు నీదే. లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాను. సరేనా?"

గున్నమ్మ మొదటిరోజు కోలలు పట్టుకుంది. జింక పిల్ల కోలకి తన కోల తగిలించబోయి రెండూ విరగ్గొట్టింది. రెండోరోజు కుడికి తిరగమంటే ఎడమకి తిరిగి కుందేలుని గుద్దింది. కుందేలు వెళ్ళి ఆకుల్లో పడి, "పర్లేదులే, ఇక్కడ మెత్తగానే ఉంది," అంది. మూడోరోజు తాడు పట్టుకుంది. లోపలికి, బయటికి. లోపలికి, బయటికి. ఒక్కసారి కూడా తప్పలేదు!

వాన పడింది. పండగ వచ్చింది. అడవంతా చూడ్డానికి కూర్చుంది. తాళాలు మోగాయి. పైన జడ చక్కగా పడుతోంది. "భలే గున్నమ్మా, భలే!" అని ఎవరో అరిచారు. ఆ మాటకి మురిసిపోయి, గున్నమ్మ బయటినుంచి దాటాల్సింది లోపలినుంచి దాటేసింది. ఎదురొచ్చిన జింక పిల్ల కళ్ళు మూసుకుని పాడుతోంది. ఏమీ గమనించలేదు. ఎవరూ చూడలేదు. గున్నమ్మ మాత్రం తలెత్తి చూసింది. జడలో తన తాడు అడ్డంగా పడి ఉంది.

ఊరుకుంటే? ఇప్పటికి బాగానే ఉంటుంది, విప్పేటప్పుడు అందరి తాళ్ళూ బిగుసుకుపోతాయి. వదిలేసి పారిపోతే? అందరి జడా చెదిరిపోతుంది. చెబితే? అయ్యో, చెబితే తాడు పోతుందే!

గున్నమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గట్టిగా అరిచింది.

"ఆగండి! నేను తప్పాను. వెనక్కి ఆడదాం!"

అడవంతా గొల్లున నవ్వింది. "నేను చెప్పలా!" అన్నాడు కోతి బావ. కొంగ తాత నవ్వలేదు. "వెనక్కి!" అని తాళం కొట్టాడు. అందరూ వెనక్కి అడుగులేశారు. గున్నమ్మ తప్పిన చోటు వచ్చింది. చిక్కు ఇట్టే విడిపోయింది.

కానీ కొంగ తాత మెడ చాచి ఇంకా పైకే చూస్తున్నాడు.

"అదేమిటర్రా? ఇంకా పైన మరో చిక్కుంది! అది అంతకుముందు పడ్డదే. ఆ ఎర్ర తాడు ఎవరిది?"

అందరూ కోతి బావ చేతిలోకి చూశారు. కోతి బావ తోక గోక్కున్నాడు.

"నేను అప్పుడే చూశా తాతా. ఎవరూ అడగలేదు కదా అని..."

మళ్ళీ అడవంతా నవ్వింది. గున్నమ్మ మాత్రం నవ్వలేదు. "రా బావా, వెనక్కి రెండడుగులే. నేనూ వస్తాగా," అంది. వెనక్కి ఆడారు. ఆ చిక్కూ పోయింది. మళ్ళీ ముందుకి ఆడారు. జడ నున్నగా పడింది. విప్పితే నీళ్ళలా విడిపోయింది.

ఆట అయ్యాక గున్నమ్మ రొప్పుకుంటూ కొంగ తాత దగ్గరికి వెళ్ళింది. తాడు చేతికివ్వబోయింది.

"నడి ఆటలో తప్పాను కదా తాతా. ఇదిగో."

కొంగ తాత తాడు తీసుకోలేదు.

"ఇక అది నీదే తల్లీ. రేపూ ఆడదాం, పెందరాళే రా. వచ్చేటప్పుడు ఇంత తేనె పట్టుకురా, పాడి పాడి అందరి గొంతులూ ఎండిపోయాయి."

నీతి: తప్పడుగు పడగానే నోరు విప్పి చెబితే, చిక్కు చిన్నగా ఉండగానే విడిపోతుంది.