పై మెట్టు, కింది మెట్టు

ఆచార్య హైమవతి శిష్యుల రుజువుల్లో తప్పు కనిపిస్తే కాగితం మీద గీత పెట్టేవారు కాదు. గణిత విభాగం మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, మనుషులనే చుక్కలుగా నిలబెట్టేవారు. ఆ మెట్లు మధ్యలో రెండు పాయలుగా చీలి పైన మళ్ళీ కలుస్తాయి.

జీవరత్నం తన సిద్ధాంత గ్రంథాన్ని మర్నాడు సమర్పించాలి. ఫెలోషిప్ ఆ నెలతో సరి. అతని పని జాలకాల మీద. ఏ రెండు చుక్కలు తీసుకున్నా వాటికి పైన ఒక దగ్గరి కలయిక, కింద ఒక దగ్గరి కలయిక ఉండే అమరికే జాలకం. ఏ బీజగణిత నిర్మాణాన్నైనా జాలకంగా మలచవచ్చనీ, దాని పరివర్తనలే, అంటే కలయికలు చెదరకుండా చుక్కలను కదిలించే తీరులే, ఇక్కడా ఉంటాయనీ, అదనంగా ఒక్కటీ చేరదనీ పాతవాళ్ళు నిరూపించారు. ఒక్కటే షరతు. జాలకానికి శిఖరం, అడుగు ఉండాలి, వాటిని ఏ పరివర్తనా కదపకూడదు. ఆ షరతు చూస్తే జీవరత్నానికి ఒళ్ళు మండేది. దాన్ని కొట్టేసి, తన సిద్ధాంతం "అన్ని జాలకాలకూ" వర్తిస్తుందని రాశాడు.

"గణితంలో కూడా ఒకడు పైన, ఒకడు కింద ఎందుకుండాలి మేడమ్?" అని అడిగాడు. కుర్చీలో కుదురుగా ఉండలేక ఆచార్య గదంతా తిరుగుతూ, అధికారం ఎక్కడ దాక్కున్నా బయటికి ఈడ్చాల్సిందేనన్నాడు, శిఖరాలు కూలితేనే నేల కనిపిస్తుందన్నాడు. ఆమె అంతా విని లేచారు.

టీ తాగి వస్తున్న పరిశోధకులను ఆపి, ఒకరిని కింది మెట్టు మీద, ఒకరిని పైన నిలబెట్టారు. ఎడమ పాయలో తోటి పరిశోధకురాలు షాహీన్, కుడి పాయలో జీవరత్నం. జీవరత్నం రాసిన నియమం తప్పకుండా అందరినీ ఎక్కడికైనా కదిలించమని షాహీన్‌కు చెప్పారు. ఏ ఇద్దరి కలయికా చెదరకూడదు, అంతే.

షాహీన్ కాసేపు ఆలోచించి కింది మెట్టు మీదికి దిగింది. మిగిలినవాళ్ళనూ అక్కడికే పిలిచింది.

"రండి కామ్రేడ్. ఇక్కడ పైనా లేదు, కిందా లేదు."

అందరూ ఆ ఒక్క మెట్టు మీద ఇరుక్కున్నారు. ఎవరో ఎవరి కాలో తొక్కారు. జీవరత్నం మనసులో సరిచూసుకున్నాడు. ఏ ఇద్దరిని తీసుకున్నా పై కలయిక ఈ మెట్టే, కింది కలయికా ఈ మెట్టే. నియమం ఎక్కడా తప్పలేదు. ఏ జాలకాన్నైనా ఇలాగే ఒక్క మెట్టులోకి కుక్కేయవచ్చు. పై మెట్టును కదపకూడదన్న షరతు కొట్టేయడంతో చేరకూడని పరివర్తన చేరిపోయింది. అటూ ఇటూ తిరుగుదామంటే అక్కడ చోటు లేదు.

"అందరూ సమానమయ్యారు," అన్నారు ఆచార్య. "ఇప్పుడు వీళ్ళలో కుడి పాయ ఎవరో చూపించు జీవా."

అతను ఆమె వెంట గదికి వెళ్ళాడు. "అన్ని" అనే మాటను కాగితం చిరిగేంతగా కొట్టేసి, షరతును మళ్ళీ రాశాడు. గ్రంథం నిలబడింది. కోపం మాత్రం దిగలేదు. తలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు.

"అయితే ఆ పై మెట్టుకు ఎప్పటికీ తల వంచాల్సిందేనా మేడమ్?"

ఆమె చేతులకంటిన సుద్ద దులుపుకున్నారు.

"షరతు కదపొద్దంది. మొక్కమనలేదు."