పెద్దమ్మ ఉపవాసం

నేలమాళిగ తాళంచెవి హాతిం నడుముకి వేలాడుతోంది. అది చూసినప్పుడల్లా ఇద్రీస్‌కి కడుపు మండుతోంది.

ఏడేళ్ళపాటు ఆ తాళంచెవి తన నడుముకే ఉండేది. మెట్లు దిగుతుంటే అది చేసే చప్పుడు అతనికి తన అడుగుల చప్పుడంత అలవాటు. ఇప్పుడు వేరొకడు నడుస్తుంటే అదే చప్పుడు వినిపిస్తోంది. ఆ వేరొకడు వచ్చి గట్టిగా రెండేళ్ళు కాలేదు. పాముని ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో ఇద్రీస్ నేర్పితే నేర్చుకున్నవాడు.

అదొక చలికొండ. దాని మీద షేక్ మస్రూర్ అనే సూఫీ గురువు ఉండేవాడు. కింద లోయలో జనం ఆయన్ని పాముల బాబా అనేవాళ్ళు. ఆయన పెంచేవి విషం లేని చారల పాములు. రెండు మూరలకి మించి పెరగవు. వీపు మీద తలనుంచి తోకదాకా పసుపు గీత ఉంటుంది. లోయలో తోటల్ని నత్తలు పాడుచేస్తుంటే ఈ పాములే వాటిని ఏరుకు తినేవి. కానీ రైతులకి పామంటే పామే. కనబడితే కర్ర తీసేవాళ్ళు. లోయలో అవి దాదాపు లేకుండా పోయాక బాబా తన ఇంట్లోనే కుండల్లో వాటిని పెంచడం మొదలుపెట్టాడు. పుట్టిన పిల్లల్ని ఏటా కాస్త పెద్దవయ్యాక తోటల్లో వదిలేవాడు.

ఆ పాములు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కానీ చలికాలమంతా చల్లటి చీకట్లో నిద్రపోతేనే వసంతంలో జతకడతాయి. అందుకే నేలమాళిగ. నిద్రకి ముందు పద్నాలుగు రోజులు వాటికి మేత పెట్టకూడదు. కడుపులో మేత ఉండగా చలిలో పెడితే అది అరగక అక్కడే కుళ్ళిపోతుంది, పాము చచ్చిపోతుంది. ఆ పద్నాలుగు రోజుల్ని బాబా ఇంట్లో ఉపవాసం అనేవాళ్ళు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఆ ఉపవాసానికీ, ఆ నిద్రకీ వాళ్ళే పూచీ. భోజనాల దగ్గర బాబా కుడిపక్కన కూర్చునేదీ వాళ్ళే. ఇద్రీస్‌కి ఈ రెండో సంగతే ఎక్కువ గుచ్చుకుందని వేరే చెప్పాలా.

ఈసారి ఆకులు రాలే రోజుల్లో బాబా తాళంచెవి అడిగి తీసుకుని హాతిం చేతిలో పెట్టాడు. ఇద్రీస్‌కి పదిహేడు చిన్న కుండలు అప్పగించాడు. ఆ వేసవిలో పుట్టిన పాముపిల్లలవి. మొదటి చలికాలం పిల్లలు నిద్రకి తట్టుకోలేవు. వాటిని వంటింటి పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచాలి. రోజు మార్చి రోజు ఒక్కొక్కదానికీ విడిగా వానపాముని పెట్టాలి. పోయినేడు పుట్టిన పిల్లల్లో సగం కూడా మిగల్లేదని, ఇది చేయి తిరిగినవాడు చేయాల్సిన పని అని బాబా అన్నాడు.

ఇద్రీస్ చెవికి వంటిల్లు అన్న మాటొక్కటే ఎక్కింది. తొమ్మిదేళ్ళు సేవ చేస్తే చివరికి దక్కింది దాది పని అనుకున్నాడు.

ఆరోజు నుంచి అతని కళ్ళు హాతిం వెంటే తిరిగాయి. హాతిం గడ్డి పరిస్తే గడ్డి తడిగా ఉందన్నాడు. ఆ గడ్డి ఎండి గలగలలాడుతోంది. హాతిం కుండలు కడిగితే మన్ను వాసన పోలేదన్నాడు. కుండకి మన్ను వాసన కాక అత్తరు వాసన వస్తుందా? హాతిం మాత్రం ప్రతిసారీ, సరే ఇద్రీస్ భాయ్, అని మళ్ళీ పరిచేవాడు, మళ్ళీ కడిగేవాడు. తిరిగి ఒక్క మాట అని ఉంటే ఇద్రీస్‌కి కాస్త హాయిగా ఉండేది. అనకపోవడంతో ఇంకా ఒళ్ళు మండేది. హాతిం, బాబా కలిసి నవ్వుకుంటే అది తన గురించేనని నిశ్చయించుకునేవాడు.

ఈ కాపలాలో పడి చాలాసార్లు పిల్లల మేత మరిచిపోయేవాడు. గుర్తొచ్చినప్పుడు నాలుగింటికి పెట్టి, మిగతావాటికి రేపు చూద్దాంలే అనుకునేవాడు. వాటిలో ఒకటి దారప్పోగులా సన్నబడిపోయింది.

ఒకరోజు ఇక ఉండబట్టలేక బాబానే అడిగాడు.

"నేనేం తప్పు చేశాను బాబా?"

"తప్పేం చేయలేదే."

"మరి తాళంచెవి ఎందుకు తీసుకున్నారు?"

బాబా అతని ముఖంలోకి చూశాడు. "పిల్లలు తిన్నాయా?" అని అడిగాడు.

ఇద్రీస్ ముఖం మాడ్చుకుని వచ్చేశాడు. అడిగిందానికి జవాబు చెప్పకుండా తప్పించుకున్నాడని, ముసలాయనకి కొత్త శిష్యుడి మీద మోజు పుట్టిందని తనలో తనే గొణుక్కున్నాడు.

ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పాముని పెద్దమ్మ అనేవాళ్ళు. ఇద్రీస్ కొండకొచ్చిన మరుసటేడు పుట్టిన పాము అది. అతను తన చేత్తో మేత పెట్టి పెంచిన మొదటి పిల్ల. ఇప్పుడు లోయలో ఉన్న పాముల్లో చాలామటుకు దాని పిల్లలే. రాబోయే వసంతంలో కూడా అందరి ఆశా దానిమీదే.

ఉపవాసం తొమ్మిదో రోజు మధ్యాహ్నం హాతిం నాచు తేవడానికి వాగుకి వెళ్ళాడు. నిద్రకి వెళ్ళాల్సిన పాముల కుండలన్నీ వసారాలో వరసగా ఉన్నాయి. ఇద్రీస్ పెద్దమ్మ కుండ మూత తీశాడు. అతని చేతిలో మూడు చిన్న చేపలున్నాయి.

పెద్దమ్మ తల పైకెత్తింది. ఆ చేతి వాసన దానికి పుట్టినప్పటినుంచీ తెలుసు. నాలుక చాపి అతని వేలిని తాకి చేపని అందుకుంది. రెండోదీ, మూడోదీ కూడా అలాగే అందుకుంది.

ఇద్రీస్ మూత పెట్టేశాడు. వసంతంలో నేలమాళిగ తెరిస్తే హాతిం అజాగ్రత్త బయటపడుతుంది, తాళంచెవి వెనక్కి వస్తుంది, అంతవరకే ఆలోచించాడు. తలుపు తెరిచినప్పుడు కుండలో ఏముంటుందో ఆలోచించడానికి భయపడ్డాడు.

సాయంత్రం బాబా అలవాటు ప్రకారం ఒక్కొక్క పామునీ చేతిలోకి తీసుకుని కడుపు తడిమి చూశాడు. పెద్దమ్మ దగ్గర ఆయన వేళ్ళు ఆగాయి. మళ్ళీ ఒకసారి తడిమాడు. ఉపవాసం సరిగ్గా సాగుతోందా అని హాతింని అడిగాడు. సాగుతోందని హాతిం చెప్పాడు. ఇద్రీస్ స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. బాబా అతన్ని ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున బాబా ఇద్దర్నీ వంటింట్లోకి పిలిచాడు. పదిహేడు కుండల్లోంచి రెండు పిల్లల్ని తీశాడు. ఒకటి అన్నిటికన్నా పుష్టిగా ఉన్నది. ఇంకోటి ఆ సన్నబడ్డది. రెంటినీ ఒకే మూకుట్లో వదిలి, చెరొక వానపాముని వాటి ముందు పెట్టాడు.

ఇద్రీస్ గాభరా పడ్డాడు. "రెంటినీ కలిపి మేపకూడదు బాబా."

"తెలుసు. చూడు."

పుష్టిగా ఉన్నది తన ముందున్న వానపామును ఒక కొసన పట్టుకుంది. సన్నది తన వానపాము వైపు తల తిప్పింది. అది కూడా కదులుతూనే ఉంది. కానీ పక్కదాని నోట్లోది ఇంకా గట్టిగా గింజుకుంటోంది. సన్నది తన ముందున్నదాన్ని దాటుకుంటూ వెళ్ళి, పక్కదాని వానపామును రెండో కొసన కరిచింది.

రెండూ మింగడం మొదలుపెట్టాయి. వాటిమధ్య వానపాము పొట్టిదవుతూ వచ్చింది. మూతికి మూతి తగిలింది. ఏదీ వదల్లేదు. పెద్దదాని దవడ ఇంకాస్త తెరుచుకుని సన్నదాని తల మీదుగా జరిగింది.

హాతిం చేయి చాచాడు. బాబా అతని మణికట్టు పట్టుకున్నాడు.

ఇద్రీస్ బాబా వైపు చూశాడు. బాబా మూకుడు వైపే చూస్తున్నాడు. సన్నదాని కళ్ళు కూడా ఇక కనబడటం లేదు. తోక మాత్రం కొట్టుకుంటోంది. ఇద్రీస్ రెంటినీ కలిపి పట్టుకుని పక్కనున్న నీళ్ళ తొట్టిలో ముంచాడు. పెద్దది నోరు వదిలింది. సన్నది బయటపడి అతని అరచేతిలో మెలికలు తిరిగింది. కాసేపటికి దాని డొక్కలు ఎగసిపడటం కనిపించింది.

"దానికి మేత లేదా?" అని అడిగాడు బాబా.

ఇద్రీస్ మూకుట్లోకి చూశాడు. రెండో వానపాము ఇంకా అక్కడే ఉంది. దాన్ని ఏదీ ముట్టలేదు.

అతను సన్నదాన్ని దాని కుండలో వదిలి మూత పెట్టాడు. తర్వాత పొయ్యి దగ్గరున్న పదిహేడు కుండల వరసని చూశాడు. నేలకేసి చూస్తూ చెప్పాడు.

"నిన్న పెద్దమ్మకి నేనే చేపలు పెట్టాను."

హాతిం ముఖం పాలిపోయింది. ఆ చేపల సంగతి తెలియకుండా ఇంకో ఐదు రోజులకి పెద్దమ్మని చలిలోకి దించి ఉండేవాడు తనే.

బాబా తిట్టలేదు. వసారాలోకి వెళ్ళి పెద్దమ్మని తీసుకొచ్చాడు. దాని ఉపవాసం మళ్ళీ మొదటినుంచి మొదలవ్వాలని, పద్నాలుగు రోజులూ రాత్రీ పగలూ వెచ్చగా ఉండకపోతే కడుపులోది అరగదని చెప్పాడు. వసారాలో అప్పటికే చలి కొరుకుతోంది.

"పూచీ నీది," అన్నాడు హాతింతో. "ఎవరి దగ్గర ఉంచమంటావు?"

హాతిం ఇద్రీస్ వైపు చూశాడు. ఇద్రీస్ తల వంచుకున్నాడు. ఎవరి దగ్గర ఉంచినా తన దగ్గర ఉంచరని అతనికి తెలుసు.

"ఇద్రీస్ భాయ్ దగ్గర," అన్నాడు హాతిం. "ఆయనకి తెలిసినంత నాకు తెలీదు."

కొట్టి ఉంటే ఇద్రీస్ తట్టుకునేవాడు. ఈ మాటకి కళ్ళనీళ్ళు వచ్చాయి.

పద్నాలుగు రోజులు అతను పెద్దమ్మని గుడ్డసంచిలో పెట్టి, ఉన్ని అంగీ లోపల పొట్టకి ఆనించి కట్టుకుని తిరిగాడు. పిల్లలకి మేత పెట్టేటప్పుడు కూడా అది అక్కడే ఉండేది. తాళంచెవి చప్పుడు వసారాలో వినిపిస్తూనే ఉండేది. కొన్నిసార్లు అతని చేయి ఆగేది, తల అటు తిరిగేది. అప్పుడు లోపల పెద్దమ్మ కదిలేది. అతను మళ్ళీ చేతిలోని కుండ వైపు చూసేవాడు.

రోజులు నిండాయి. బాబా పెద్దమ్మ కడుపు తడిమి, ఖాళీ అయిందని తలూపాడు. ఆ మధ్యాహ్నమే మంచు మొదలైంది. ఇద్రీస్ పెద్దమ్మని తీసుకుని నేలమాళిగ దగ్గరికి వెళ్ళాడు. హాతిం తలుపు తీసి, తాళంచెవి నడుము నుంచి విప్పి అతని ముందు చాచాడు.

"మీరే దించండి భాయ్. అది మీ చేతికి అలవాటు."

ఇద్రీస్ ఆ తాళంచెవిని చూశాడు. ఇన్నాళ్ళూ కావాలనుకున్నది అదే. ముట్టుకోలేదు. పెద్దమ్మని జాగ్రత్తగా హాతిం చేతుల్లో పెట్టాడు.

"నీ చేతి వాసన కూడా తెలియాలి దానికి. తడి గడ్డి వేయకు." పెద్దమ్మ వీపు ఒకసారి నిమిరాడు. "నువ్వెప్పుడూ తడి గడ్డి వేయలేదులే. నేనే అబద్ధం చెప్పాను."

హాతిం ఏదో అనబోయాడు.

"పిల్లల మేత వేళయింది," అని ఇద్రీస్ వెనక్కి తిరిగాడు.

వంటింట్లో పొయ్యి ముందు బాబా కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. తలెత్తి చూడకుండానే కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. ఇద్రీస్ కూర్చున్నాడు. అది బాబాకి కుడిపక్కో ఎడమపక్కో అతను చూసుకోలేదు. సన్నది ఉన్న కుండ ముందుకి లాక్కుని, మూత తీసి, వానపాముని లోపల వదిలాడు.

సన్నది తలెత్తి అటూ ఇటూ చూసింది. పక్కన ఎవరూ లేరు. కాసేపటికి తల దించి, తన ముందున్నదాన్ని నోట కరుచుకుంది.