ఒంటి దీపపు యంత్రం

రాజులూ డిజిటల్ కెమెరాలూ ఒకే కాలంలో ఉన్న రోజులవి. మహీకేతు రాజు సభలో ఒక యంత్రం పెట్టించాడు. ఎవరు కెమెరా తెరిచినా దాని దీపం అటు తిరిగి వెలుగు చిమ్మేది. ఫొటోలో తెలుపు తప్ప ఏమీ పడేది కాదు. కొలువులో ఫొటోలు తీసి బతికే పైడమ్మకు పని పోయింది.

"ఒక్క ఫొటో తియ్యి చూద్దాం. తియ్యలేకపోతే ఊరు విడిచి పో" అని నవ్వాడు రాజు.

పైడమ్మ యంత్రం చుట్టూ తిరిగి చూసింది. దానికి దీపం ఒక్కటే. ఆమె ఇంకో కెమెరా రాజు చేతికిచ్చి, "గుండెలకు ఆనించి మీట నొక్కండి ప్రభూ" అంది. దీపం గిర్రున రాజు వైపు తిరిగింది. అంతలో పైడమ్మ పక్కనుంచి ఫొటో తీసేసింది.

రాజు అది చూసి మండిపడ్డాడు. "ఇదేం ఫొటోవే? కళ్లు మూసుకుని ఉన్నాను!"

"ఆ దీపం తీయించండి ప్రభూ, కళ్లు తెరిచాక ఇంకోటి తీస్తా."