దాక్కున్న ఫోల్డరు, రెండు జాడీలు

పొన్నలంకలో భీమశంకరం ఇంటివాళ్ళకి తమ తెలివి మీద మహా నమ్మకం. వాన పడుతున్నా వాళ్ళు మొక్కలకి నీళ్ళు పొయ్యడం మానరు, గొడుగు వేసుకుని మరీ పోస్తారు. వాన మధ్యలో ఆగిపోతే మొక్కలేం కావాలని భీమశంకరం అడుగుతాడు. నిజమే కదా అంటాడు తమ్ముడు సోమశంకరం. ఇంత తెలివికి ఊరి కళ్ళు పడతాయని భీమశంకరం భార్య మాణిక్యాంబ ఇద్దరికీ వారం వారం దిష్టి తీస్తుంది.

ఆ ఇంట్లో నిజంగా తెలివున్న మనిషి వాళ్ళమ్మ సీతారావమ్మగారు ఒక్కరే. ఆవిడ మొన్న మాఘమాసంలో పోయారు. ఆవకాయ పాళ్ళు ఆవిడకి తప్ప ఎవరికీ తెలియవు. కాకపోతే ఆవిడ కూతురి కూతురు ఇందుమతి కిందటేడే ఆవిడ చేత చెప్పించి, ఆ గొంతుని ఇంట్లో ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసిపెట్టింది.

ఆ ధైర్యంతో వేసవి రాగానే నూరు కాయలు కొట్టించారు. ముక్కలు తుడిచి, పెరట్లో మంచం మీద గుడ్డ పరిచి ఆరబెట్టారు. సాయంత్రంలోపు కలపకపోతే ముక్క మెత్తబడిపోతుంది. తీరా ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే 'అమ్మ' అన్న ఫోల్డరు లేదు. అమ్మ లేని మొదటి ఏడు, ఆవకాయ కూడా లేకుండా పోతుందా అని భీమశంకరం లబలబలాడాడు.

రాజమండ్రిలో ఉద్యోగం చేస్తున్న ఇందుమతికి ఫోన్ చేశాడు.

"ఎక్కడికీ పోలేదు మావయ్యా. మీరు పొరపాటున చెరిపేస్తారని నేనే దాచాను," అంది ఇందుమతి.

అంతే. ఎలా తీయాలో ఆ పిల్ల చెప్పేలోగానే ఫోన్ పెట్టేశాడు. దాచిందంటే ఇంకేముంది, ఆ ఇంట్లో ఏది దాచినా బియ్యం డబ్బాలోనే. ముగ్గురూ కలిసి డబ్బా బోర్లించారు. హాలంతా బియ్యం. అడుగున సీతారావమ్మగారు దాచుకున్న జీడిపప్పు పొట్లం దొరికింది. ఫోల్డరంటే ఇదేనేమోనని సోమశంకరం ఒక్కో పలుకే నమిలి చూసి, పొట్లం ఖాళీ అయ్యాక, కాదని తేల్చాడు.

మళ్ళీ ఫోన్. ఈసారి ఇందుమతి నెమ్మదిగా చెప్పింది. ఫోల్డరు కంప్యూటర్లోనే ఉంది, కనపడదు, అంతే. పైన 'వ్యూ' అని నొక్కితే 'హిడెన్ ఐటమ్స్' అని వస్తుంది, దాని పక్క గడిలో టిక్కు పెట్టాలి. మాణిక్యాంబ పరుగున దేవుడి గదిలోకి వెళ్ళొచ్చింది.

"పెట్టారా?" అంది ఇందుమతి.

"పెట్టాం తల్లీ. ఫోల్డరు మాత్రం రాలేదు."

"టిక్కు కనపడుతోందా అత్తా?"

"నిక్షేపంగా కనపడుతోంది, ఎర్రగా. తడి కుంకుమతో పెట్టాను."

ఇందుమతి కుంకుమ తుడిపించి, మౌసుతో ఎలా నొక్కాలో చెప్పింది. నొక్కారు. 'అమ్మ' ఫోల్డరు బయటికొచ్చింది. అయితే దాచిన ఫోల్డరు కదా, మిగతావాటిలా ముదురు రంగులో లేదు, వెలవెలబోతూ ఉంది.

దాన్ని చూసి మాణిక్యాంబకి జాలేసింది. ఏడాదిగా చీకట్లో దాక్కుని ఎలా పాలిపోయిందో, కాస్త ఎండ తగలాలి అంది. ఇంకేముంది, ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి పెరట్లో మామిడి ముక్కల పక్కన ఎండలో పెట్టారు. ఆ ఎండకి తెర మీద ఫోల్డరు కాదు కదా, ఏమీ కనపడలేదు. మళ్ళీ దాక్కుందన్నాడు సోమశంకరం. కొత్తవాళ్ళని చూసి బెదిరిందేమోనని, నడివేసవి మిట్టమధ్యాహ్నం ముగ్గురూ ల్యాప్‌టాప్‌తో సహా రగ్గు కప్పుకున్నారు. రగ్గు కింద చీకట్లో ఫోల్డరు చక్కగా కనపడింది. తమ తెలివికి తామే మురిసిపోయి నొక్కారు.

సీతారావమ్మగారి గొంతు ఖంగున మోగింది. "నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు. పైన బెత్తెడు నూనె తేలాలిరా భీముడూ. నూనె తేలితే ఏదీ పాడవదు. మూతికి గుడ్డ కట్టి, మూడోనాటిదాకా కదపకండి."

భీమశంకరం రగ్గు కిందే బావురుమన్నాడు. ఫోన్ పెట్టకుండా అవతల వింటున్న ఇందుమతి కూడా ముక్కు చీదింది. ఈ ఇంటివాళ్ళతో మాట్లాడినప్పుడల్లా, స్నేహితురాళ్ళకి వినిపించడానికని ఆ అమ్మాయి ఫోన్ రికార్డు చేసుకుంటుంది. ఆ అలవాటు ఎంత మంచిదో సాయంత్రానికి తెలిసింది.

అమ్మ చెప్పినట్టే ఒక్క పాలు తప్పకుండా ఆవకాయ కలిపారు. జాడీకెత్తి, నూనె పోసి, గుడ్డ కట్టారు. వేలు నాకి చూసిన సోమశంకరం, అచ్చం అమ్మ చేతి ఆవకాయే అన్నాడు. ఆ మాటకి అందరి మనసులూ నిండిపోయాయి.

అప్పుడు భీమశంకరానికి కొత్త భయం పట్టుకుంది. ఆవకాయ సరే, అమ్మ గొంతు వచ్చే ఏటికి పాడైపోతే?

చీకటి పడుతుండగా ఇందుమతి ఫోన్ చేసింది. "మావయ్యా, అమ్మమ్మ గొంతు జాగ్రత్త. ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టారు?"

"దాని గురించి నీకు దిగులొద్దమ్మా. అమ్మ చెప్పినట్టే రెండో జాడీలో నిలబెట్టి, పైన బెత్తెడు నూనె తేలేలా పోసి, గుడ్డ కట్టాం," అన్నాడు భీమశంకరం. "మూడోనాడు తిరగేశాక, అమ్మ గొంతు నీకూ ఓ సీసాలో పెట్టి పంపిస్తాలే."