మంచు సముద్రం మీద దీనమ్మ కేక

అనగనగా, కొండలకు ఇంకా బాటలు పడని కాలం. మనిషి నడిచిందే దారి, మనిషి మోసిందే కబురు. ఆ కాలంలో సముద్రం ఒడ్డున ఒక పల్లెలో దీనమ్మ అనే మనిషి ఉండేది. వలలు అల్లేది, చిరిగిన వలలు బాగు చేసేది. అంతకంటే ఆమె గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ పల్లెలో తాటాకులు కప్పిన చిన్న ప్రార్థన గుడి ఉండేది. ఒక ఆదివారం గుడి పెద్ద లేచి అడిగాడు.

"పైన కొండల్లో మంచుగూడెం అని ఒక ఊరుందట. అక్కడుండి దేవుడి మాట చెప్పడానికి ఎవరు వెళ్తారు?"

బాగా చదువుకున్న పంతులు తల దించుకున్నాడు. గుడి పెద్ద మళ్ళీ అడిగాడు. బాగా పాడే ఆయన దగ్గాడు. మూడోసారి అడిగాడు. అప్పుడు తలుపు దగ్గర చాప మీద కూర్చున్న దీనమ్మ లేచి నిలబడింది.

"నేను వెళ్తానండి. నాకు పాట సరిగ్గా రాదు, ప్రసంగం అసలే రాదు. ఎవరింట్లోనైనా ఏదైనా చిరిగితే మాత్రం బాగు చెయ్యగలను."

కొందరు నవ్వారు. గుడి పెద్ద నవ్వలేదు.

దీనమ్మ నడిచింది. ఇసుక దాటింది, పొలాలు దాటింది, అడవి దాటింది. మంచుగూడెం చేరేసరికి ఆమె ఒంటి మీది ఉప్పు వాసన కూడా పోయింది. ఊరి చివర పాడుబడ్డ గుడిసె ఒకటి చూపించారు. అందులో ఉంది. వాగులో చేపలు పట్టే బుట్టలు బాగు చేసింది, తడకలు అల్లింది, చిరిగిన గుడ్డలు కుట్టింది. ఊరివాళ్ళు బుట్టలు ఇచ్చారు, తీసుకెళ్ళారు. ప్రార్థనకు మాత్రం ఎవరూ రాలేదు. ప్రతి ఆదివారం ఆమె చాప పరిచేది, ఒక్కతే కూర్చునేది, వచ్చీరాని రాగంలో పాడుకునేది, చాప చుట్టేసేది. మంచు వచ్చింది, మంచు పోయింది. మంచు వచ్చింది, మంచు పోయింది.

మూడో ఏడు పుష్య పున్నమి వచ్చింది. అది దీనమ్మ పుట్టినరోజు.

పల్లెలో ఉన్నన్నాళ్ళూ ఆ రోజున తల్లి ఆమె తలకు నూనె పెట్టి, వేడినీళ్ళు పోసి, పరమాన్నం తినిపించి, ఒడ్డుకు తీసుకెళ్ళేది. తండ్రి వేటకు పోయి సముద్రం మీద ఉండేవాడు. "అరువమ్మా, నాన్నకి వినపడాలి" అనేది తల్లి. చిన్న దీనమ్మ అరిచేది. ఒక ఏడు తండ్రి తిరిగి రాలేదు. ఆ తరవాత కూడా ఏటా తల్లి ఆమెను ఒడ్డుకు తీసుకెళ్తూనే ఉంది.

ఆ ఉదయం దీనమ్మ మూడు రాళ్ళ పొయ్యి మీద గుప్పెడు బియ్యం, కాస్త బెల్లం వేసి ఉడికించింది. కుండలో చూసింది. తినబుద్ధి కాలేదు. లేచి, ఊరు దాటి, కొండ అంచు దాకా నడిచింది.

కింద లోయ లేదు. తెల్లటి మంచు నిండిపోయి, అలలు అలలుగా కదులుతోంది. దూరంగా కొండ శిఖరాలు పడవల్లా తేలుతున్నాయి. దీనమ్మ కాళ్ళకు ఇసుక తగిలినట్టే అనిపించింది. ఎవరో వెనకనుంచి "అరువమ్మా" అన్నట్టే అనిపించింది.

"నాన్నా! ఇయ్యాల నా పుట్టినరోజు!" అని అరిచింది.

కొండలు ఆ మాటను పట్టుకుని మూడుసార్లు అన్నాయి. పుట్టినరోజు... పుట్టినరోజు... పుట్టినరోజు...

ఆమె వెనక్కి తిరిగేసరికి ఊరంతా నిలబడి ఉంది. తల్లులు పిల్లల చెవులు మూసి పట్టుకున్నారు. గూడెం పెద్ద లింగన్న ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేశావమ్మా! మా ఊళ్ళో పుట్టిన రోజు పైకి చెప్పం. ఆ మంచు కింద చావు కూర్చుని వింటుంటుంది. ఎవరు ఎప్పుడు పుట్టారో తెలిస్తే వెతుక్కుంటూ వస్తుంది. నువ్వు దాన్ని కేకేసి పిలిచావు."

"తెలియక చేశాను పెద్దయ్యా" అంది దీనమ్మ. "కానీ మా దేవుడి పుట్టినరోజు ఏటా లోకమంతా చాటుతారు. చావు విన్నది, వచ్చింది కూడా. మూడు రోజులకు మించి ఆయన్ని ఉంచుకోలేకపోయింది."

"ఆయన దేవుడమ్మా. నువ్వు మనిషివి."

"మూడు రోజులు చూడండి. వస్తే నా కోసమే రానివ్వండి. రాకపోతే ఉండనివ్వండి" అంది దీనమ్మ.

ఊరు తలుపులు మూసుకుంది.

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు దీనమ్మకు చలిజ్వరం వచ్చింది. కొండల్లో అందరికీ వచ్చే జ్వరమే. కానీ ఊరు ఊపిరి బిగబట్టింది. పిలిస్తే వచ్చింది చూడండి, అన్నారు. ఎవరూ గుమ్మం తొక్కలేదు. చాప మీద ముడుచుకుని దీనమ్మ కళ్ళు మూసుకుంటే సముద్రం, తెరిస్తే మంచు. రెండిటికీ తేడా తెలియడం మానేసింది. 'ఇంత దూరం వచ్చి ఒక్కరికీ ఒక్క మాట చెప్పలేకపోయాను' అనుకుంది. అదొక్కటే ఆమెకు బాధ.

మూడో రోజు పొద్దెక్కాక తడక తలుపు ధడేలుమంది. సోమి అవ్వ వచ్చింది. ఊళ్ళో అందరికంటే ముసలిది, ఎవరితోనూ మాట్లాడనిది.

"వద్దవ్వా, రాకు. నాతోబాటు నిన్నూ..." అంది దీనమ్మ.

"నోర్ముయ్. నాకు ముగ్గురు పిల్లలు. ముగ్గురి రోజులూ నోరు విప్పకుండా దాచాను. దాచినా పట్టుకుపోయింది. ఇంక దానికి భయపడేదేముంది నాకు?"

అవ్వ జావ కాచి తాగించింది. రెండు కంబళ్ళు కప్పింది.

"మీ ఊళ్ళో ఆ రోజున ఏం చేస్తారే?" అని అడిగింది.

"అమ్మ తలకు నూనె పెడుతుంది."

సోమి అవ్వ ఇప్పనూనె వెచ్చబెట్టి తెచ్చింది. దీనమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, మాడు మీద నూనె పోసి, మెల్లిగా మర్దన చేసింది. ఏళ్ళ తరబడి ఏ తలనూ తాకని చేతులవి. దీనమ్మకు చెమట పట్టింది. పిల్లలా నిద్రపోయింది.

నాలుగో ఉదయం దీనమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చింది. ఊరు చూసింది. సోమి అవ్వ కూడా చూసింది. చూసి, ఎవరితోనూ ఏమీ అనకుండా కర్ర పట్టుకుని కొండ అంచుకు నడిచింది. అందరూ వెనకాలే వెళ్ళారు.

అవ్వ మంచులోకి చూస్తూ నిలబడింది. దీనమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"నా పెద్దోడు కోందు!" అని అరిచింది అవ్వ. "కందులు కోసేటప్పుడు పుట్టాడు!" కొండలు మూడుసార్లు అన్నాయి. "నా కూతురు రాజి! తొలి వాన నాడు పుట్టింది!" కొండలు మూడుసార్లు అన్నాయి. "నా చిన్నోడు! పేరు పెట్టనే లేదు. ఇప్పపూలు రాలేటప్పుడు పుట్టాడు! పుట్టాడు వాడు!"

పుట్టాడు వాడు... పుట్టాడు వాడు... పుట్టాడు వాడు...

అవ్వ ఏడ్చింది. ఊరంతా ఏడ్చింది. ఏడుపు తగ్గాక లింగన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా రోజు నాకు తెలియదు. మా అమ్మ చెప్పకుండానే పోయింది" అన్నాడు.

"నాది తీసుకోండి పెద్దయ్యా" అంది దీనమ్మ.

"నాకూ లేదు" అంది ఒక తల్లి. "నాకూ" అన్నాడు ఒక ముసలాయన. "అందరూ తీసుకోండి. తీసుకుంటే తరిగేదా?" అంది దీనమ్మ నవ్వుతూ.

ఆ ఆదివారం దీనమ్మ చాప పరిస్తే సోమి అవ్వ వచ్చి కూర్చుంది. మరుసటి వారం ఇద్దరు వచ్చారు. కొందరు ఆమె ప్రార్థన నేర్చుకున్నారు, కొందరు నేర్చుకోలేదు. బుట్టలు మాత్రం ఆమె అందరివీ బాగు చేసింది. మంచు వచ్చింది, మంచు పోయింది. జుట్టు మంచులా తెల్లబడ్డాక ఒక మధ్యాహ్నం, సగం అల్లిన బుట్ట ఒళ్ళో ఉండగానే వెళ్ళిపోయింది. కొండ అంచునే ఆమెను పూడ్చారు.

ఇప్పటికీ పుష్య పున్నమి ఉదయం మంచుగూడెం అంతా తలకు నూనె పెట్టుకుని అక్కడికి వెళ్తుంది. ప్రార్థన చేసేవాళ్ళూ, చెయ్యనివాళ్ళూ. ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి అరుస్తారు. మాటలు రాని పిల్లల తరఫున తల్లులు అరుస్తారు. ఆ ఊళ్ళో వయసు అడగాలంటే "నీవి ఎన్ని కేకలు?" అని అడుగుతారు.

ఊరు విడిచి దూరదేశం పోయినవాళ్ళు కూడా ఆ ఉదయం కాస్త ఎత్తయిన చోటు వెతుక్కుంటారు. గట్టిగా అరవడం కుదరకపోతే లోగొంతుకతో అంటారు. పక్కనున్నవాళ్ళు ఎవరికి చెప్తున్నావని అడిగితే, "ఇంటికి" అంటారు.